కొత్త బండికి ఎదురుగా

మా గుడి ముందుకు కొత్త బండి వస్తే నేను మొదట చూసేది దాని మూతి ఎంత ఎత్తులో ఉందా అని. బానెట్ అంటారట దాన్ని. మేం మూతి అనే అంటాం. రంగు, సీట్లు, పైకప్పు తెరుచుకుంటుందా లేదా, ఇవన్నీ కొన్నవాళ్ళు చూసుకుంటారు. నాకు మూతి చాలు. అది నా నడుము దగ్గర ఆగితే ఊపిరి పీల్చుకుంటాను. రొమ్ము దాకా వస్తే చేతిలో పని పక్కన పెట్టి లేచి నిలబడతాను.

కాడుగోడిలో మాది మునేశ్వరస్వామి గుడి. గుడి చిన్నదే కానీ బండ్ల పూజకు పేరు. మహదేవపుర వైపు పెద్ద పెద్ద ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు కూడా షోరూం నుంచి నేరుగా ఇక్కడికే వస్తారు. గోడవార నా బుట్ట ఉంటుంది. నిమ్మకాయలు, పూలదండలు, బూడిద గుమ్మడికాయలు, దారానికి గుచ్చిన మిరపకాయలు. పూజ ఎలా జరుగుతుందో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. బండిని గుడికి ఎదురుగా నిలుపుతారు. పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, పూజారి హారతి ఇస్తాడు. గుమ్మడికాయకు కత్తితో గాటు పెట్టి, తిప్పి దిష్టి తీసి పగలగొడతాడు. చివర్న ఒక మనిషి కిందికి వంగి చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టాలి. పూజారి "ఎక్కియ్యప్పా" అంటే బండి ఆ కాయల్ని నలుపుకుంటూ ముందుకు కదులుతుంది. దానితో పూజ అయినట్టు.

కాయలు పెట్టే మనిషి ముత్తైదువ అయి ఉండాలి. అది మా గుడి ఆనవాయితీ.

పెళ్ళయి కాడుగోడికి వచ్చినప్పటి నుంచి ఆ పని నాదే. అప్పట్లో బండ్లు చిన్నవి. బండి ముందు నేను గొంతుక్కూర్చున్నా నా తల మూతి పైకి కనిపించేది. నేను పొడగరిని కూడాను. లోపల కూర్చున్న మనిషి అద్దంలోంచి నన్ను చూసేవాడు, నేను అతన్ని చూసేదాన్ని. అయిందా అని తల ఎగరేసి అడిగితే, ఆగు అని చెయ్యి చూపించేదాన్ని. ఏ భయమూ ఉండేది కాదు. బండి కింద పడతామనే ఆలోచనే రాలేదు.

మా ఆయన రైలు స్టేషన్ దగ్గర మూటలు దించే పని చేసేవాడు. ఒకసారి గేటు దాటుతుంటే కారు వచ్చి గుద్దింది. పాతకాలపు కారు, దాని మూతి మోకాలి కంటే కాస్త పైకి ఉండేది, అంతే. కాళ్ళకు తగిలితే మనిషి ఎగిరి దాని మూతి మీదే పడ్డాడు. ఎముక విరిగింది కానీ ప్రాణం దక్కింది. ఆ తర్వాత ఆయన కుంటుతూ నడిచాడు గానీ ఎవరడిగినా నవ్వుతూనే చెప్పేవాడు.

"ఆ కారు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాది. లోపలుండేవాడు, నేను, అద్దంలో మూతీ మూతీ చూసుకొని ఇద్దరమూ అరిచినాము. నాకంటే వాడే గట్టిగా అరిచినాడు."

ఈ మాట మేం వందసార్లు విని నవ్వాం. ఆ నవ్వులో ఉన్న సంగతి మాత్రం చాలా ఏళ్ళకు గానీ నాకు తలకెక్కలేదు. మనిషి మూతి మీద పడ్డాడు కాబట్టి బతికాడు. అదే రొమ్ముకు తగిలే బండి అయితే పైకి వేసుకోదు. కిందికి తోస్తుంది. తోసినచోట చక్రాలుంటాయి.

ఆయన పోయింది జ్వరంతో. ఆయనతో పాటు నా పసుపు కుంకుమ పోయాయి, ఆ పనీ పోయింది. ఎవరూ నన్ను తిట్టలేదు, పొమ్మనలేదు. కొత్త బండికి నాలాంటిది ఎదురు రాకూడదు కదా అని నేనే బుట్టను గోడ వెంబడి వెనక్కి జరుపుకున్నాను. బండ్లు నిలిచేచోటు నాకు ముందు వైపు పడింది. అప్పటి నుంచి నాకు బండ్ల వెనకభాగాలే తెలుసు.

నా చోటికి నా చెల్లెలు వచ్చింది. దాని మొగుడు దొడ్డబళ్ళాపురంలో మగ్గాల మీద పనిచేసి, కళ్ళు మసకబారి ఇంట్లో కూర్చున్నాడు. మేం ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం. మా చెల్లెలి నోరు మంచిది కాదు, మనసు మంచిది.

"ఆ మనిషి ఒక పనీ చెయ్యడు. బతికుండడం ఒక్కటే ఆయన పని. అది చేసినంత కాలం నాకు ఈ ఉద్యోగం ఉండాది" అనేది. ఇంట్లోంచి ఆయన "యేమే, వినబడతాండాది" అని అరిచేవాడు.

ఒక సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. నేను పొడుగు, అది పొట్టి. నిలబడితే నా భుజం దాటదు. నేను వెనక్కి, అది ముందుకు పోయిన ఏళ్ళలోనే బండ్లు పెరగడం మొదలైంది. ప్రతి ఏడూ కొంచెం ఎత్తు, కొంచెం వెడల్పు. ముందర ఇనుప కడ్డీలు, నల్లటి అద్దాలు. అది మూతి పక్కన నిలబడితే కొప్పులో పూలు మాత్రం కనిపించేవి. గొంతుక్కూర్చుంటే ఏమీ కనిపించేది కాదు.

"బండి నిన్ను మింగేసిందే" అనేదాన్ని.

"మింగనీ యక్కా. లోపల ఏసీ ఉంటాది, పండుకుంటా."

అట్లా నవ్వుకునేవాళ్ళం. లేవాల్సిన సమయం దానికి ఇంజన్ చప్పుడు చెప్పేది. గుర్రుమనగానే కాయ వదిలేసి పక్కకు దూకేది. లేచాక మూతి మీద రెండు దెబ్బలు చరిచేది. ఆ చప్పుడు వింటే నేను వెనకనుంచి "అయిందప్పా" అని పూజారికి చెప్పేదాన్ని. కళ్ళు చేసే పని చెవులు చేస్తున్నాయి. ఇన్నాళ్ళూ గడిచిపోయింది.

ఆ రోజు శ్రావణ శుక్రవారం. గుడి దగ్గర బాగా జనం. నల్లటి బండి ఒకటి వచ్చి నిలబడింది. వచ్చినట్టే తెలియలేదు. తల ఎత్తి చూస్తే ఎదుట గోడ లేచినట్టు ఉంది. కరెంటుతో నడిచే బండట, చప్పుడు ఉండదు. నడిపేది చిన్నపిల్ల, కొత్తగా పెళ్ళయిన కోడలు. మొగుడు ఫోన్ పట్టుకుని కిందికి దిగాడు. అత్తగారు పట్టుచీరలో పూజారి పక్కన నిలబడింది. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు, మర్యాదైన మనుషులు. నా దగ్గర దండ కొంటూ ఆ పిల్ల "పెద్ద దండ ఇవ్వండి ఆంటీ, మా బండి కొంచెం లావు" అని నవ్వింది.

పెద్ద దండే వేశారు. మా చెల్లెలు మూతికి పసుపు రాసి బొట్లు పెట్టింది. పూజారి హారతి ఇచ్చాడు, గుమ్మడికాయ కొట్టాడు. కోడలు లోపల కూర్చుని తలుపు వేసుకుంది. మొగుడు కుడి చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కాయ నలిగే క్షణాన్ని ఫోనులో పట్టాలని అతని ఆశ. చెల్లెలు కుడి చక్రం దగ్గర కాయ పెట్టి ఎడమ వైపు పోయింది.

మా గుడి ముందు నేల ఏటవాలు. ఎడమ చక్రం దగ్గర పెట్టిన కాయ దొర్లింది. నేను అది చూడలేదు, ఎవరూ చూడలేదు. అది దొర్లి బండి మధ్యలోకి పోతే, దాన్ని తెచ్చుకోవడానికి నా చెల్లెలు మూతి ముందుకు వంగింది.

"ఎక్కియ్యమ్మా" అన్నాడు పూజారి, పళ్ళెం లోపల పెట్టడానికి గుడి వైపు తిరిగి.

మూతి మీద దెబ్బలు వినబడలేదు. నేను "అయింది" అని చెప్పనూ లేదు. ఆ సందడిలో పూజారి వాటికోసం ఆగలేదు.

నేను వెనక చక్రం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, కిందపడిన దారపు ఉండ కోసం వంగాను. ఆ బండి ఎంత ఎత్తంటే, వంగిన నాకు దాని కడుపు కిందినుంచి అవతలి వెలుతురు కనిపించింది. ఆ వెలుతురులో రెండు పాదాలు. మెట్టెలు పెట్టుకున్న పాదాలు. ముందు చక్రాలు రెండింటికీ సరిగ్గా నడిమధ్య.

వెనక చక్రం నా ముఖం పక్కనే ఉంది. దానికి అంటిన పసుపు మరక కదిలింది.

"ఆపు!" అన్నాను. నా గొంతు ముందే బొంగురు, పెద్ద శబ్దం రాదు. లోపల అద్దాలు మూసుకుని ఏసీ వేసుకున్న పిల్లకు ఎట్లా వినబడుతుంది? పక్కనుండి పోయి తలుపు కొడదామనుకుంటే అత్తగారు, చుట్టాలు అడ్డం. ఇంకో దారి లేదు. ఎడమ వైపు గోడకూ బండికీ మధ్య సందులోంచి, మోచేతులు గీరుకుంటూ పరుగెత్తాను. కాయ పగిలిన చప్పుడు అయింది. ఎవరో చప్పట్లు కొట్టారు.

నేను పోయి బండికి ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాపాను.

మూతి నా రొమ్ము దాకా ఉంది. అద్దంలో ఆ పిల్ల ముఖం కనిపించింది. నా ముఖం చూసి దాని కళ్ళు పెద్దవయ్యాయి. బండి ఆగింది. ఆగేటప్పుడు ఒకసారి ముందుకు ఊగింది, ఆ ఊపుకు నా కాళ్ళ దగ్గర ఎవరో మూలిగినట్టు వినబడింది.

కిందికి చూశాను. నా చెల్లెలు నేలమీద కూలబడి ఉంది. బండి దాని భుజాన్ని తోసింది. దాని పైట చెంగు ఎడమ చక్రం కింద ఉంది. చెంగు గుంజుకుపోయి మెడ ఒక పక్కకు వంగిపోయింది. లేవలేదు, పక్కకు జరగలేదు.

"అక్కా, చీర, అక్కా."

వంగి దాన్ని పట్టుకోబోయాను. చేతులు సగం కిందికి పోయాయి. అప్పుడు అద్దంలో ఆ పిల్ల తల నిక్కించి, నేనెక్కడికి పోయానా అని వెతుకుతోంది. నేను వంగితే ఆ పిల్లకు ఇద్దరమూ కనిపించం. ముందు దారి ఖాళీగా ఉన్నట్టు ఉంటుంది. లేచి నిలబడ్డాను. మళ్ళీ చేతులు చాపాను.

నా చెల్లెలు నా కాళ్ళు పట్టుకుని ఏడుస్తోంది. నేను కిందికి చూడటం లేదు. దాన్ని చూస్తే వంగిపోతానని భయం. ఆ పిల్ల కళ్ళలోకే చూస్తూ నిలబడ్డాను.

అత్తగారు వచ్చింది. ఆమెకు మూతి అవతలి వైపు నా ఖాళీ నొసలు తప్ప ఏమీ కనిపించలేదు పాపం.

"ఏమ్మా, నీకు బుద్ధుందా? మొదటిసారి బండి తీస్తుంటే ఎదురొస్తావేంటి? పక్కకి తప్పుకో! పూజారిగారూ, ఈవిడ్ని పక్కకి పంపండి!"

"కింద మనిషి ఉండాది తల్లీ."

"ఎక్కడా?"

"నా కాళ్ళకాడ. బండి కదిలిస్తే చస్తాది."

మొగుడు ఫోన్ పారేసి వచ్చి చూశాడు. రంగు మారిపోయింది అతనికి. "బ్రేక్ మీంచి కాలు తియ్యకు! తియ్యకు!" అని కేకపెట్టాడు. ఆ బండికి కాలు తీస్తే చాలు, దానంతట అదే ముందుకు పాకుతుందట. ఆ మాట అప్పుడు విన్నాను. ఆ పిల్ల కాలు ఒక్కటే నా చెల్లెలికీ చక్రానికీ మధ్య ఉంది. ఆ కాలు వణుకుతోందేమో కూడా నాకు కనిపించదు.

"వెనక్కి తియ్యమను" అంది అత్తగారు.

"ఒద్దు" అన్నాను. "ఏదీ తియ్యొద్దు. పూజారప్పా, గుమ్మడికాయ కత్తి తీసుకురా. చెంగు కొయ్యి."

పూజారి కత్తితో వచ్చి వంగాడు. అంత భయంలోనూ నా చెల్లెలు దాని బుద్ధి మానలేదు.

"కొయ్యొద్దప్పా! ఆ మనిషి నేసిన చీర అది!"

"మూసుకో. మళ్ళీ నేస్తాడు."

"కళ్ళు యాడుండాయి ఆయనకు నేసేదానికి?"

కత్తి పరపరమంది. పూజారి దాన్ని చంకల కింద పట్టుకుని పక్కకు లాగాడు. అది గోడ దగ్గరకు చేరి కూర్చున్నాక గానీ నేను చేతులు దించలేదు. మొగుడు తలుపు తీసి లోపలికి వంగి ఏదో నొక్కాడు. పిల్ల దిగింది. దిగి రెండడుగులు వేసి గుడి మెట్టు మీద కూలబడింది.

"ఆంటీ, స్క్రీన్‌లో ఏమీ కనిపించలేదు. ముందు కెమెరా ఉంది, అన్నీ చూపిస్తుందన్నారు షోరూంలో. పచ్చగా మసకగా వచ్చింది. పూజ వల్లేమోలే అనుకున్నా."

మొగుడు దండ ఎత్తి చూశాడు. మూతి నడుమ గోలీకాయంత నల్లటి అద్దం. దాని మీద పసుపు, పసుపు మీద గుండ్రటి కుంకుమ బొట్టు, దాని మీద దండ. పెట్టింది నా చెల్లెలే. భుజం పట్టుకుని మూలుగుతూనే చెప్పింది, "నడిమధ్య కన్ను మాదిరి ఉండాది, అందుకని పెద్ద బొట్టు అక్కడే పెట్టినా." ఎవరూ నవ్వలేదు. తర్వాత అదే నవ్వింది. నవ్వుతుంటే భుజం నొప్పి పుట్టి మళ్ళీ ఏడ్చింది.

భుజం కమిలింది, ఎముకకు ఏమీ కాలేదు. వాళ్ళే ఆస్పత్రికి తీసుకుపోతామన్నారు. ఆ బండి ఎక్కనని మా చెల్లెలు మొండికేస్తే ఆటోలో పోయాం. మేం పోయేముందే ఆ కుటుంబం బయలుదేరింది. అపశకునం అయింది, ఇంకో గుడికి పోదామని అత్తగారు అంటోంది. కోడలు బండిలో కూర్చుని అద్దంలోంచి నన్నే చూసింది. నేను చెల్లెల్ని పట్టుకుని గోడకు ఆనుకుని, చెయ్యి ఎత్తి చూపించేదాకా బండి తీయలేదు.

మరుసటి రోజు పూజారి వచ్చి నా పీట పక్కన కూర్చున్నాడు. మంచి మనిషే. మాట ఎట్లా మొదలుపెట్టాలో తెలియక దారపు ఉండ చేతిలో తిప్పాడు.

"యక్కా, నిన్న నువ్వు లేకపోతే ఏమయ్యేదో. కానీ నువ్వు చెప్పినట్టు రోజూ ఎదురుగా నిలబడితే జనం రారు. నీకు తెలీనిది కాదు."

"నేను నిలబడకపోతే చెల్లెలు కాయ పెట్టేదానికి కూర్చోదు."

"వేరే ఎవరినన్నా పెడదాము. పొడుగ్గా ఉండే ముత్తైదువని."

"పొడుగుదైతే మాత్రం, కూర్చున్నాక ఎంత పొడుగుంటాది? ఆ బండి ముందర నేను కూర్చున్నా కనపడనప్పా. నువ్వు కూర్చున్నా కనపడవు. అది కూర్చునే చోటు, ఇంకొకరు నిలబడే చోటు. రెండూ కావల్ల."

"నిలబడే మనిషి ముత్తైదువ అయితే?"

ఆ మాటకు నేను ఆలోచించాను. తప్పు మాట కాదు. ఎవరినైనా పెట్టొచ్చు. కానీ అక్కడ నిలబడే మనిషి ఏం చేయాలి? కింద ఉన్నది ఏడ్చినా వంగకూడదు. ఎదుటివాళ్ళు తిట్టినా తప్పుకోకూడదు. ముందే తిట్లు తిన్న ముఖం అయితే ఇంకో తిట్టుకు తప్పుకోదు.

"వేరేవాళ్ళు తప్పుకుంటారప్పా" అన్నాను. "నేను తప్పుకోను."

పూజారి దారపు ఉండ నా ఒళ్ళో పెట్టాడు. "సరే, స్వామి చూసుకుంటాడు" అని లేచాడు. అది ఒప్పుకోవడమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆపలేదు, అంతే.

కొందరు వెళ్ళిపోయారు. ఒకాయన నన్ను చూడగానే బండి తిప్పుకుని పోయాడు. ఒకావిడ పూజ మళ్ళీ మొదటినుంచి చేయించింది. చిన్న బండ్లయితే నేను పోను, బుట్ట దగ్గరే ఉంటాను. మూతి రొమ్ము దాకా వచ్చే బండి అయితే పోతాను. మూతి నడుమ గోలీకాయలాంటి అద్దం ఉంటే దాని మీద బొట్టు పెట్టనివ్వను. చెల్లెలికి అది నచ్చదు. నడిమధ్య బొట్టు లేకపోతే బండి బోడిగా ఉందంటుంది. అని నాలుక కరుచుకుంటుంది, నా నొసలు చూసి.

మొన్న తెల్లటి బండి ఒకటి వచ్చింది. ఆ నల్లదానికంటే ఎత్తు. నడిపేది పెద్దవయసు మనిషి, బంగారు కళ్ళద్దాలు. చెల్లెలు కాయలు తీసుకుని కిందికి దిగింది. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను. ఆయన లోపలినుంచి పక్కకు పొమ్మని చెయ్యి ఊపాడు. నేను పోలేదు. హారన్ కొట్టాడు. మా చెల్లెలు ఉలిక్కిపడి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. ఆయన అద్దం దించి తల బయట పెట్టాడు.

"ఏమమ్మా, ఇంకెవరూ దొరకలేదా నిలబడేదానికి?"

నేను ఆయన కళ్ళలోకే చూస్తున్నాను. ఒకవైపు కాయ పెట్టడం అయిపోయింది. రెండోది మళ్ళీ దొర్లినట్టుంది, కింద చెయ్యి నేలమీద తడుముతున్న చప్పుడు వినబడుతోంది. బండి దగ్గర వేడి లేదు, చప్పుడు లేదు, అది ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో ఎవరికీ తెలియదు.

"అక్కా" అంది కిందినుంచి. "ఉండావా?"

"ఉండాను."

"పోవద్దు."

"పోనులే. కాయ పెట్టు."